ఈ బ్యాండు మోత వెనక ఒక స్కూలుంది

జాన్ బాటిస్ట్ పేరు మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. పిక్సార్ వాళ్ల 'సోల్' సినిమా చూశారా? అందులో హీరో పియానో ముందు కూర్చుని లోకం మర్చిపోయి వాయిస్తుంటాడు కదా, ఆ జాజ్ అంతా బాటిస్ట్‌దే. ఆ సినిమా సంగీతానికి 2021లో ఇంకో ఇద్దరితో కలిసి ఆస్కార్ కొట్టాడు. మరుసటి ఏడాది ఒకే రాత్రి 5 గ్రామీలు ఎత్తుకెళ్లాడు. అందులో అన్నిటికంటే పెద్దదైన 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' కూడా ఉంది. ఆ ఆల్బమ్ పేరు 'వుయ్ ఆర్'.

ఇయర్‌ఫోన్స్ ఉంటే ఆ టైటిల్ సాంగ్ ఒకసారి వినండి. అందులో ఒక బ్యాండు మోగుతుంది. డ్రమ్ములు, బాకాలు, గుండె మీద కొట్టినట్టుండే ఆ దరువు. అది స్టూడియోలో కూర్చుని డబ్బులు తీసుకుని వాయించే ఆర్టిస్టులది కాదు. ఒక మగపిల్లల హైస్కూలు బ్యాండు. బాటిస్ట్ 2004లో చదువు పూర్తి చేసి బయటికొచ్చిన స్కూలు బ్యాండు. గ్రామీ స్థాయి ఆల్బమ్ చేస్తున్నప్పుడు ప్రపంచంలో ఎవర్నైనా పిలవగల మనిషి, తన స్కూలు పిల్లల్ని పిలిచాడు.

ఎందుకు? ఈ వారం కాలమ్ ఆ 'ఎందుకు' గురించే.

ఆ స్కూలు పేరు సెయింట్ అగస్టీన్ హైస్కూల్. ఊరు న్యూ ఆర్లీన్స్, అమెరికాలోని లూసియానా రాష్ట్రం. ఊళ్లో అందరూ ముద్దుగా 'సెయింట్ ఆగ్' అంటారు. పిల్లల టీమ్ పేరు పర్పుల్ నైట్స్, అంటే ఊదారంగు వీరులు. క్యాథలిక్ ఫాదర్లు పెట్టిన కాలేజ్ ప్రిపరేటరీ స్కూలు.

'కాలేజ్ ప్రిపరేటరీ' అనగానే మనవాళ్ల బుర్ర సీదా ఇంటర్ కాలేజీ హాస్టల్ దగ్గరికి వెళ్లిపోతుంది. పొద్దున 5 గంటలకు స్టడీ అవర్, ఆదివారం టెస్టు, గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీ. అక్కడ ఆ మాటకి అర్థం వేరు. ఒక్క ఎంట్రన్స్ పరీక్ష కోసం తోమడం కాదు. హైస్కూలు చదువంతా యూనివర్సిటీని దృష్టిలో పెట్టుకుని నడుస్తుంది. లెక్కలు, సైన్సుతో పాటు సాహిత్యం, చరిత్ర, ఆటలు, సంగీతం అన్నీ అందులో భాగమే. పిల్లాడు ఇక్కడి నుంచి యూనివర్సిటీకి వెళ్లి తీరతాడు అని స్కూలు ముందే నమ్మి, ఆ నమ్మకం మీద టైమ్‌టేబుల్ వేస్తుంది.

ఇప్పుడు విషయం ఏంటంటే, సెయింట్ ఆగ్ 1951లో మొదలైంది. నల్లజాతి పిల్లల కోసం. అమెరికా దక్షిణాదిలో, ఆ రోజుల్లో, నల్లజాతి పిల్లాడు యూనివర్సిటీకి వెళ్తాడని ముందే అనుకుని ఒక స్కూలు కట్టడమంటే చిన్న విషయం కాదు.

వేరు సరే... సమానం ఎక్కడ?

న్యూ ఆర్లీన్స్ గురించి కొంచెం చెప్పాలి. ఫ్రెంచివాళ్లు కట్టిన ఊరు, స్పెయిన్ వాళ్లు ఏలిన ఊరు. అందుకే అమెరికా దక్షిణాదిలో చాలా ఊళ్లలా కాకుండా ఇక్కడ క్యాథలిక్కులు ఎక్కువ. నల్లజాతి వాళ్లలో కూడా తరతరాలుగా క్యాథలిక్కులైన కుటుంబాలు బోలెడు.

1892లో హోమర్ ప్లెసీ అనే ఈ ఊరి మనిషి ఒక పని చేశాడు. ఫస్ట్ క్లాస్ టికెట్ కొనుక్కుని, రైల్లో తెల్లవాళ్లకే కేటాయించిన పెట్టెలో కూర్చున్నాడు. అరెస్టు చేశారు. నిజానికి అరెస్టు చేయాలనే కూర్చున్నాడు. ఆ చట్టాన్ని కోర్టులో సవాలు చేయాలని ఊళ్లోవాళ్లు కమిటీగా ఏర్పడి చేసిన ప్లాన్ అది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1896లో కోర్టు ఏమందో తెలుసా? వేరుగా ఉంచినా ఫర్వాలేదు, సదుపాయాలు సమానంగా ఉంటే చాలు అంది.

ఆ తీర్పు 58 ఏళ్లు అమెరికా నెత్తిన కూర్చుంది. 'వేరు' అనే భాగం ప్రతిచోటా పక్కాగా అమలైంది. రైళ్లు, బస్సులు, స్కూళ్లు, నీళ్ల కుళాయిలు. 'సమానం' అనే భాగమే ఎక్కడా కనబడలేదు.

చర్చి కూడా ఇందులో అంటుకోకుండా నిలబడలేదు. న్యూ ఆర్లీన్స్‌లో చాలా చర్చిల్లో నల్లజాతి వాళ్లు వెనక బెంచీల్లో కూర్చోవాలి. తెల్లవాళ్ల క్యాథలిక్ స్కూళ్లలో వాళ్ల పిల్లలకి సీటు లేదు. దేవుడొక్కడే, బెంచీలు మాత్రం రెండు రకాలు.

ఈ పరిస్థితిలో 1951లో ఆర్చ్‌డయోసిస్ ఒక మగపిల్లల హైస్కూలు కట్టి, నడిపే బాధ్యత జోసెఫైట్ ఫాదర్లకి అప్పగించింది. ఈ జోసెఫైట్లది వేరే కథ. 1871లో ఇంగ్లండ్‌లోని మిల్ హిల్ అనే చోటి నుంచి అమెరికాకి వచ్చిన మిషనరీలు వీళ్ల మూలం. అప్పటికి అక్కడ బానిసత్వం రద్దయి కొద్ది ఏళ్లే. విముక్తి పొందిన నల్లజాతి ప్రజల మధ్య పనిచేయడానికే వచ్చారు. 1893లో అమెరికాలో సొంత సంఘంగా విడిపోయారు. ఈనాటికీ వాళ్ల పని అదే.

స్కూలుకి పెట్టిన పేరు కూడా గమనించండి. సెయింట్ అగస్టీన్ పదహారు వందల ఏళ్ల కిందటి బిషప్, మహా పండితుడు. పుట్టింది ఉత్తర ఆఫ్రికాలో, ఈనాటి అల్జీరియాలో. మీ పూర్వీకుల ఖండం నుంచి వచ్చినవాడే ఈ చర్చికి పాఠం చెప్పిన గురువు అని ఆ పిల్లలకి గేటు మీదే రాసి పెట్టినట్టయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి వెళ్లకూడదు. ఈ స్కూలు కట్టిన చర్చే, తన మిగతా స్కూళ్ల తలుపులు అప్పటికి ఇదే పిల్లలకి మూసి పెట్టింది. అంటే సెయింట్ ఆగ్ ఒక వరం, అదే సమయంలో ఒక గోడ కూడా. రెండూ నిజమే. అక్కడ చదివినవాళ్లు ఆ గోడని పట్టుకునే పైకి ఎక్కారు.

ఆర్చ్‌బిషప్ జోసెఫ్ రమ్మెల్ మెల్లగానైనా కదిలాడు. 1953లో చర్చి బెంచీల్లో వేర్పాటు ఉండకూడదన్నాడు. 1956లో జాతి పేరుతో వేరు చేయడం పాపం అని రాశాడు. కానీ స్కూళ్ల తలుపులు తెరవడానికి 1962 దాకా పట్టింది. ఈలోపు 1960 నవంబరులో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల పాప ఇదే ఊళ్లో తెల్లపిల్లల ప్రభుత్వ స్కూల్లో అడుగుపెట్టింది. ఫెడరల్ మార్షల్స్ కాపలా, బయట జనం అరుపులు. ఆ ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

1962లో రమ్మెల్ క్యాథలిక్ స్కూళ్లన్నీ అందరికీ తెరుస్తున్నామని ప్రకటిస్తే, లియాండర్ పెరెజ్ అనే రాజకీయ నాయకుడు, ఇంకో ఇద్దరు కలిసి జనాన్ని రెచ్చగొట్టారు. ముసలాయన వెనక్కి తగ్గలేదు. ఆ ముగ్గుర్నీ చర్చి నుంచి వెలివేశాడు. వెలివేత అనే ఆయుధం మన ఊళ్లలో ఎప్పుడూ కింద ఉన్నవాళ్ల మీదే పడుతుంది. అక్కడ ఆ ఒక్కసారి పైకి గురిపెట్టారు.

గ్రౌండులోకి రానివ్వలేదు, కోర్టుకెళ్లారు

1960ల మధ్యకి సెయింట్ ఆగ్ పిల్లలు చదువులో పేరు తెచ్చుకున్నారు. ఆటల్లో కూడా గట్టి టీమ్. కానీ ఎవరితో ఆడాలి? లూసియానాలో హైస్కూలు ఆటల పోటీలు నడిపే సంఘం తెల్లవాళ్ల స్కూళ్లది. నల్లజాతి స్కూళ్లకి వేరే సంఘం. అసలు ఛాంపియన్‌షిప్, పేపర్లో ఫొటోలు, యూనివర్సిటీల నుంచి వచ్చి చూసే కోచ్‌లు, అన్నీ మొదటి సంఘం దగ్గరే.

సెయింట్ ఆగ్ సభ్యత్వం అడిగింది. కాదన్నారు. స్కూలు ఫెడరల్ కోర్టుకెళ్లింది.

సంఘం వాదన తెలివైనదే. 'మాది ప్రైవేటు సంఘం. మా క్లబ్బులో ఎవర్ని చేర్చుకోవాలో మా ఇష్టం. సమానత్వపు హక్కు ప్రభుత్వానికి వర్తిస్తుంది, మాకు కాదు' అని. వినడానికి సబబుగానే ఉంది కదా? అపార్ట్‌మెంట్ సొసైటీ దగ్గర్నుంచి క్లబ్బుల దాకా మనం కూడా రోజూ వినే వాదనే.

కోర్టు ఒప్పుకోలేదు. మీ సంఘంలో ఎక్కువ భాగం ప్రభుత్వ స్కూళ్లే. ఆ ప్రభుత్వ స్కూళ్ల ఆటలతోనే మీ బండి నడుస్తోంది. పేరుకి ప్రైవేటు, పనికి ప్రభుత్వం. కాబట్టి రాజ్యాంగం మీకూ వర్తిస్తుంది అంది. 1968లో అప్పీలు కోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. తలుపు తెరుచుకుంది.

ఈ తీర్పు అక్కడితో ఆగిపోలేదు. 2001లో టెనెసీ రాష్ట్రంలో ఇంకో స్కూలుకీ ఆటల సంఘానికీ మధ్య గొడవ అమెరికా సుప్రీంకోర్టుకి వచ్చింది. ప్రైవేటు ముసుగులో ఉన్న సంఘాన్ని ప్రభుత్వంలో భాగంగా చూడొచ్చా అనే ప్రశ్న అదే. అవును, చూడొచ్చు అన్న తీర్పులో సెయింట్ ఆగ్ కేసు ప్రస్తావన ఉంది. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకోవడానికి వేసిన కేసు 33 ఏళ్ల తర్వాత లా స్టూడెంట్ల పుస్తకాల్లో పడింది.

సరే, రానిచ్చాక ఏం చేశారు? 1975లో ఫుట్‌బాల్‌లో స్టేట్ ఛాంపియన్లు. మళ్లీ 1978లో, 1979లో. 1983లో బాస్కెట్‌బాల్ టీమ్ ఆ సీజన్‌లో 35 మ్యాచ్‌లు ఆడి 35 గెలిచింది. ఆ టీమ్‌లో అవరీ జాన్సన్ అనే పొట్టి కుర్రాడున్నాడు. 1999లో శాన్ ఆంటోనియో స్పర్స్‌కి మొదటి ఎన్‌బీఏ టైటిల్ తెచ్చిపెట్టిన ఆఖరి షాట్ కొట్టింది ఆ కుర్రాడే. ఎందుకు రానివ్వలేదో ఇప్పుడు అర్థమైందా అని నవ్వుకోవాలనిపిస్తుంది నాకు.

1967, ఫిబ్రవరి 7

అసలు చెప్పాలనుకున్నది ఈ రోజు గురించి.

న్యూ ఆర్లీన్స్ అంటే మార్డి గ్రా. ఉపవాస కాలం మొదలవ్వడానికి ముందు రోజు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. మన జాతర, వినాయక నిమజ్జనం కలిపి ఊహించుకోండి. ఊరేగింపుల్ని నడిపేవి 'క్రూ' అనే సంఘాలు. అందులో రాజులాంటిది రెక్స్, 1872 నుంచి ఉంది. రెక్స్ ఊరేగింపంటే ఊళ్లోని డబ్బున్న తెల్లవాళ్ల దర్జా. అలాంటి ఊరేగింపుల్లో నల్లజాతి మగాళ్లకి ఉన్న పాత పాత్ర ఒకటే. రాత్రిపూట బరువైన కాగడాలు మోస్తూ శకటాల పక్కన నడవడం. జనం చిల్లర విసిరితే ఏరుకోవడం.

సెయింట్ ఆగ్‌కి ఒక బ్యాండు ఉంది. పేరు మార్చింగ్ హండ్రెడ్. దాన్ని తయారుచేసినాయన ఎడ్విన్ హ్యాంప్టన్. స్కూలు పెట్టిన మరుసటి ఏడాది, 1952లో చేరాడు. ఆ తర్వాత యాభై ఏళ్లకి పైగా ఆ పిల్లలతోనే ఉన్నాడు. వరస తప్పకూడదు, అడుగు తప్పకూడదు, స్వరం తప్పకూడదు. ఆయన బ్యాండుని చూస్తే మిలిటరీ పెరేడ్ గుర్తొస్తుంది, వింటే మాత్రం పండగ గుర్తొస్తుంది.

1967లో రెక్స్ ఊరేగింపులో వాయించమని ఈ బ్యాండుకి పిలుపొచ్చింది. అంతకుముందు ఏ నల్లజాతి హైస్కూలు బ్యాండూ అందులో నడవలేదు.

మార్డి గ్రాలో శకటాల మీదున్నవాళ్లు జనం మీదికి పూసల దండలు విసురుతారు. అది ఆ పండగ ముచ్చట. ఆ రోజు కొంతమంది జనమే ఊరేగింపు మీదికి విసిరారు. పూసలు కాదు. సీసాలు, ఇటుక ముక్కలు, మూత్రం. ఉమ్మారు. నోటికొచ్చిన బూతులు తిట్టారు. అవి తగిలింది పద్నాలుగు, పదిహేను, పదహారేళ్ల పిల్లలకి.

ఆ పిల్లలు ఆగలేదు. తిరగబడలేదు. వాద్యం కింద పెట్టలేదు. వాయిస్తూ, వరస చెదరకుండా, మైళ్ల కొద్దీ దారి చివరిదాకా నడిచారు.

ఇది చదివినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. పిల్లల్ని అలాంటి చోటికి ఎందుకు పంపాలి? ఊరు మారడానికి పెద్దవాళ్ల ఒళ్లు సరిపోదా, పిల్లల ఒళ్లే కావాలా? ఈ ప్రశ్న రూబీ బ్రిడ్జెస్ విషయంలోనూ అడగొచ్చు. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ పిల్లల్ని బాధితులుగా మాత్రమే చూస్తే వాళ్లకి అన్యాయం చేసినట్టు. వాళ్లు అక్కడికి వెళ్లింది దెబ్బలు తినడానికి కాదు, వాయించడానికి. ఊళ్లో అందరికంటే బాగా వాయిస్తామని తెలిసి వెళ్లారు. వాయించారు. తర్వాతి సంవత్సరాల్లో మార్డి గ్రా బ్యాండు అంటే మార్చింగ్ హండ్రెడ్‌లా ఉండాలి అని ఊరంతా అనుకునే రోజొచ్చింది.

రెక్స్ ముందు నడవడం వేరు, రెక్స్‌లో సభ్యులవడం వేరు. దానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1990ల మొదట్లో డొరొతీ మే టేలర్ అనే నల్లజాతి కౌన్సిల్ సభ్యురాలు పట్టుబట్టి, జాతి వివక్ష చూపే సంఘాలకి ఊరేగింపు పర్మిట్ ఇవ్వకూడదని సిటీ కౌన్సిల్‌లో చట్టం తెచ్చింది. కోమస్, మోమస్ అనే రెండు పాత సంఘాలు చట్టానికి తలొగ్గడం కంటే వీధిలో ఊరేగింపు మానుకోవడమే నయమనుకున్నాయి. రెక్స్ ఉండిపోయింది. బ్యాండు పిల్లలు తొక్కిన దారిలోనే చట్టం వెనక నడిచొచ్చింది.

నీళ్లు వచ్చినప్పుడు

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను. మనం తుపాన్లు ఎరిగినవాళ్లమే, కాబట్టి గాలి సంగతి చెప్పక్కర్లేదు. న్యూ ఆర్లీన్స్‌ని ముంచింది గాలికన్నా తెగిన కరకట్టలు. ఊళ్లో 80 శాతం నీళ్లలో మునిగింది. సెయింట్ ఆగ్ కూడా మునిగింది. పిల్లలు ఎక్కడెక్కడి ఊళ్లకో చెదిరిపోయారు.

అప్పుడు మూడు నల్లజాతి క్యాథలిక్ స్కూళ్లు ఒక పని చేశాయి. ఆడపిల్లలవి సెయింట్ మేరీస్ అకాడమీ, జేవియర్ ప్రెప్. మగపిల్లలది సెయింట్ ఆగ్. మేరీలో 'మ', అగస్టీన్‌లో 'అ', జేవియర్ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి అక్షరం 'ఎక్స్', మూడూ కలిపి 'మ్యాక్స్' అని ఒకే స్కూలుగా 2006 జనవరిలో తెరిచారు. జేవియర్ ప్రెప్ భవనం నీటి దెబ్బ నుంచి తేరుకుంది కాబట్టి అందులోనే ముగ్గురూ సర్దుకున్నారు. దశాబ్దాలుగా ఆటల్లో, పాటల్లో, గొప్పల్లో పోటీపడ్డ స్కూళ్ల పిల్లలు ఒకే బెంచీలో కూర్చున్నారు. ఆ విద్యా సంవత్సరం అయ్యాక సెయింట్ ఆగ్ తన గేటు మళ్లీ తెరిచింది.

సగం ఊరు ఖాళీ అయిపోయి, ఇల్లు తిరిగి కట్టుకుంటామో లేదో తెలియని జనం, పిల్లాడి స్కూలు మళ్లీ తెరిచారట అంటే తిరిగొచ్చేందుకు ఒక కారణం దొరికినట్టు. స్కూలంటే గోడలు, బెంచీలే అయితే ఎక్కడైనా దొరుకుతాయి.

దండం దశగుణం భవేత్?

ఇంతవరకూ చదివి, స్కూలంటే ఇలా ఉండాలి అనుకుంటున్నారా? ఆగండి. ఇప్పుడు చెప్పేది అంత సాఫీగా ఉండదు.

సెయింట్ ఆగ్‌లో మొదటినుంచీ ఒక చెక్క ప్యాడిల్ ఉండేది. పలకలాంటి బ్యాట్. హోమ్‌వర్క్ చేయకపోయినా, లేటుగా వచ్చినా, క్రమశిక్షణ తప్పినా పిల్లాడి వెనక భాగం మీద దానితో కొట్టేవారు. అమెరికాలో మిగతా క్యాథలిక్ స్కూళ్లు ఆ పద్ధతి వదిలేశాక కూడా ఇక్కడ నడిచింది. 2011 నాటికి ఆర్చ్‌బిషప్, జోసెఫైట్ సంఘం పెద్దలు ఇక చాలు, ఆపేయండి అన్నారు.

అప్పుడు జరిగింది వింటే ఆశ్చర్యపోతారు. తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు, ఆఖరికి చదువుతున్న పిల్లలు కూడా వద్దన్నారు. అంటే, ప్యాడిల్ ఆపొద్దు అన్నారు! వందల మంది ఊరేగింపుగా ఆర్చ్‌డయోసిస్ ఆఫీసుకి నడిచారు. వాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. 'ఈ ఊళ్లో మా అబ్బాయి వీధిలో తప్పు చేస్తే జైలుకి పోతాడు, లేదా తూటా తింటాడు. స్కూల్లో తింటే బతుకుతాడు. మా పిల్లల్ని ఎలా పెంచాలో బయటివాళ్లు మాకు చెప్పొద్దు' అని వాళ్ల వాదన. తరతరాలుగా బయటివాళ్ల పెత్తనం చూసినవాళ్ల నోటి నుంచి వచ్చిన మాట అది. గొడవ చాలాకాలం నలిగింది. చివరికి ప్యాడిల్ పోయింది.

నేను చదివింది చిన్న టౌనులో. మా లెక్కల సారు దగ్గర వేప బెత్తం ఉండేది. నెల నెలా కొత్తది కోసుకురమ్మని మాలో ఒకణ్నే పంపేవాడు. తను తినబోయే బెత్తాన్ని తనే ఏరుకొచ్చే ఆ నడకలో పిల్లాడు ఏం నేర్చుకుంటాడో ఈనాటికీ నాకు తెలియదు. కానీ పదేళ్ల తర్వాత బస్టాండులో ఆ సారు కనబడితే మా బ్యాచ్‌లో సగం మంది కాళ్లకి దండం పెట్టారు. 'ఆయన కొట్టబట్టే మేం బాగుపడ్డాం' అన్నారు. మిగతా సగం మంది ఆ టీ కొట్టు వైపు రాలేదు. వాళ్లెవరూ పదో తరగతి దాటలేదు.

అందుకే ఈ 'కొట్టబట్టే బాగుపడ్డాం' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒక అనుమానం. ఆ మాట చెప్పేది బాగుపడ్డవాళ్లే. బాగుపడనివాళ్లని ఎవరూ మైకు ఇచ్చి అడగరు. మన దేశంలో విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడం, మానసికంగా హింసించడం రెండింటినీ నిషేధించింది. చట్టం ఉంది. బెత్తాలూ ఉన్నాయి. 'మా వాణ్ని నాలుగు పీకండి సార్' అని అడ్మిషన్ రోజే చెప్పే నాన్నలూ ఉన్నారు.

సెయింట్ ఆగ్ వాళ్ల వాదనకి జవాబు వాళ్ల చరిత్రలోనే ఉందని నా లెక్క. 1967 ఫిబ్రవరిలో ఆ పిల్లలు ఒంటి మీద ఉమ్మి పడుతున్నా వరస తప్పలేదు. క్రమశిక్షణ అనే మాటకి ఇంతకంటే పెద్ద పరీక్ష నేను ఊహించలేను. ఆ క్షణంలో వాళ్లని నిలబెట్టింది ప్యాడిల్ భయమా? భయమే అయితే ఇటుకలు విసిరేవాళ్ల భయం ఇంకా పెద్దది కదా, వాయిద్యాలు పారేసి పరిగెత్తాలి. వాళ్లని నిలబెట్టింది వేల గంటల ప్రాక్టీసు. పక్కన నడిచే స్నేహితుడు. 'మీరు అందరికంటే బాగా చేయగలరు' అని నమ్మిన ఒక సంగీతం మాస్టారు. హ్యాంప్టన్ 2009లో పోయాడు. ఆయన నేర్పిన నడక ఇంకా ఉంది.

తలుపులు తెరిచాక

ఒక ప్రశ్న మిగిలింది. ఇప్పుడు ఏ స్కూలు తలుపులూ చట్టప్రకారం మూసి లేవు కదా. మరి వేరుగా కట్టిన స్కూలు ఇంకా ఎందుకు?

ఇది ఆ ఊళ్లో నిజంగా నలిగే ప్రశ్న. తలుపులు తెరుచుకున్నాక, డబ్బూ సదుపాయాలూ ఎక్కువున్న పాత తెల్లవాళ్ల స్కూళ్లు కూడా చురుకైన నల్లజాతి పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టాయి. వాళ్లకి అది మంచిదే. కానీ గడ్డుకాలంలో నిలబడ్డ సొంత స్కూళ్లకి పిల్లలు తగ్గారు, ఖర్చులు పెరిగాయి. తుపాను తర్వాత అందరికీ చోటిచ్చిన జేవియర్ ప్రెప్‌ని 2013లో మూసేస్తున్నామని నడిపే సిస్టర్లు ప్రకటించారు. అక్కడ చదువుకున్న ఆడవాళ్లు ఊరుకోలేదు. తామే డబ్బు కూడగట్టి భవనం కొనేశారు. పేరు మార్చి, సెయింట్ క్యాథరిన్ డ్రెక్సెల్ ప్రెప్ అని నడుపుతున్నారు.

ఎందుకంత పట్టుదల అంటే, తలుపు తెరిచి ఉండటం వేరు, లోపల నీ కోసం ఎదురుచూసేవాళ్లు ఉండటం వేరు. పెద్ద స్కూల్లో సీటొచ్చి, అక్కడ మన యాసకి, మన డబ్బాలోని కూరకి మొహాలు మాడ్చుకునే క్లాస్‌మేట్స్ మధ్య కూర్చున్నవాళ్లకి ఈ తేడా నేను వివరించక్కర్లేదు. సెయింట్ ఆగ్‌లో చేరే పిల్లాడు తన కంటే ముందు ఆ మెట్లెక్కిన తాతల్ని, మేనమామల్ని గోడ మీద ఫొటోల్లో చూస్తాడు. నువ్విక్కడ ఎందుకున్నావు అని ఎవరూ అడగరు.

స్కూలున్న రోడ్డు పేరు ఒకప్పుడు లండన్ అవెన్యూ. ఇప్పుడు ఏ.పి. ట్యూరో అవెన్యూ. ట్యూరో అంటే న్యూ ఆర్లీన్స్ స్కూళ్లలో వేర్పాటుని కోర్టులో ఎదిరించిన నల్లజాతి లాయరు. రూబీ బ్రిడ్జెస్ ఆ స్కూలు మెట్లెక్కడం వెనక ఏళ్ల తరబడి ఆయన నడిపిన కేసు ఉంది.

2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ న్యూ ఆర్లీన్స్‌లోనే జరిగింది. దేశమంతా చూస్తుండగా జాతీయగీతం పాడింది జాన్ బాటిస్ట్. ఊరి ఊరేగింపులో నడిచినందుకు ఉమ్మి తిన్న స్కూలు నుంచి వచ్చిన కుర్రాడు, అదే ఊళ్లో.

ఈ వారం డేటా మిగిలితే యూట్యూబ్‌లో 'సెయింట్ అగస్టీన్ మార్చింగ్ హండ్రెడ్' అని కొట్టండి. వీడియోలు బోలెడున్నాయి. బాకాల వైపు చూడకండి, అవి ఎలాగూ వినబడతాయి. కింద అడుగుల వైపు చూడండి. ఎన్ని అడుగులు ఒకేసారి నేల తాకుతున్నాయో లెక్కపెట్టడానికి ప్రయత్నించండి. మీ స్కూల్లో మిమ్మల్ని భయపెట్టకుండా నిలబెట్టిన సారో టీచరో ఎవరైనా ఉంటే, వీడియో చూశాక వాళ్లకొక ఫోన్ కొట్టండి. నంబరు లేకపోతే మీ బ్యాచ్ గ్రూపులో అడగండి, ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.